చెప్పని హెచ్చరిక

మా ఊరు అరసవల్లి. శ్రీకాకుళము పట్టణమున కానుకొనియున్న ఈ గ్రామమునకు సూర్యనారాయణస్వామి దేవాలయమే పేరు తెచ్చినది. తూర్పుగాంగులలో దేవేంద్రవర్మ ఏడవ శతాబ్దమున దీనిని కట్టించెనని స్థలచరిత్ర చెప్పుచున్నది. మార్చిలోను అక్టోబరులోను కొన్ని దినములు ఉదయకిరణములు ద్వారములు దాటి స్వామి పాదములపై పడును. ఆ వింతను చూడవచ్చువారును గలరు గాని, ఆరోగ్యమును కోరి వచ్చువారు ఏడాది పొడుగునను వత్తురు. కంటిజబ్బులవారు, చర్మవ్యాధులవారు, బొల్లిమచ్చలవారు ఇంద్రపుష్కరిణి చెంత నిలిచి సూర్యునకు నమస్కరించుట, ఈ యూరికి కోడలినై వచ్చిన నాటినుండియు నేను చూచుచున్నాను. వారి విశ్వాసమును గూర్చి ఇక్కడ వాదింపబూనలేదు. ఒక్కమాట మాత్రము చెప్పవలసియున్నది. స్వామి ఎవరికిని నలువది దినములలో నయము చేయుదునని హామీ ఇయ్యలేదు. ఆ హామీ ఇచ్చినది మా యింటి టెలివిజను.

మా మనుమరాలికి పదునారవయేట, అనగా 2018లో, ఎడమ ముంజేతిమీదను గడ్డము క్రిందను రెండు తెల్లని మచ్చలు కనబడినవి. శ్రీకాకుళములోని చర్మవైద్యురాలు చూచి, ఇది బొల్లి యని, అంటువ్యాధి కాదని, కుష్ఠుతో దీనికి సంబంధమేమియు లేదని, చర్మమునకు రంగునిచ్చు కణములు నశించుటచే నిట్లు కలుగునని, చికిత్స గలదు గాని ఓపిక కావలెనని విశదముగా చెప్పెను. నేను ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పినదానను. ఆమె చెప్పినదంతయు నాకర్థమైనది. ఐనను ఇంటికి వచ్చుచు దారిలో నేను వేసికొన్న లెక్క వేరు. చదువు ముగియుటకు ఇన్నియేండ్లు. తరువాత సంబంధములు చూడవలెను. ఆలోపల ఈ మచ్చలు పోవలెను. వ్యాధి పిల్ల చర్మమునం దుండగా భయము నా తలలో నుండెను.

ఆ దినములలో మధ్యాహ్నభోజనమైన పిమ్మట ఒక ఛానెలులో అరగంటసేపు ఒక కార్యక్రమము వచ్చెడిది. అది కార్యక్రమమో ప్రకటనయో మొదట తెలియలేదు. తెల్లకోటు తొడిగి మెడలో స్టెతస్కోపు వేసికొన్న ఒక పెద్దమనిషి కూర్చుండి, బొల్లితో బాధపడినవారిచేత వారి కథలు చెప్పించెడివాడు. ఒకామె పెండ్లి తప్పిపోయినదని ఏడ్చెడిది. నూనె రాచుకొన్న నలువది దినములకు ఆమెయే నగలు పెట్టుకొని నవ్వుచు కనబడెడిది. తెర అడుగున ఫోను నంబరు. పూర్తిగా మూలికలతో చేసినది, ఎట్టి దుష్ఫలితములును లేవు అను మాట ఆ అరగంటలో ఎన్నిమారులు వినబడెనో లెక్క లేదు. ఫలితము నియ్యగల ద్రవ్యము దుష్ఫలితము నియ్యజాలదనుట ఎట్లు పొసగునని, పిల్లల వ్యాసములలో తప్పులు దిద్దిన నాకు, అప్పుడు తోచలేదు. మా అబ్బాయికి చెప్పకుండ ఫోను చేసి, రెండువేల రూపాయలకు పైబడి చెల్లించి సీసా తెప్పించితిని.

2019 రథసప్తమినాడు తెల్లవారుజామున పిల్ల జిల్లేడాకులు, రేగుపండ్లు తలపై నుంచుకొని స్నానము చేసినది. స్వామి చూపు మచ్చలమీద పడునపుడు మందుకూడ వానిపై నుండవలెనని నాకొక బుద్ధి పుట్టినది. నా చేతితోనే నూనె రాచితిని. దర్శనమునకు వరుసలో నిలిచితిమి. ఉదయమున నిలిచినవారము లోపలికి పోవునప్పటికి మధ్యాహ్నము దాటినది. ఎండలో చాలసేపు నిలిచినందుకు పుణ్యమేగాని పాపము రాదనుకొంటిని. సాయంకాలమునకు పిల్లకు ఏమియు లేదు. మరునాడు మచ్చలు ఎఱ్ఱబారినవి. మూడవనాటికి రేగుపండ్లంతటి బొబ్బలు లేచినవి. "ఏటీ కాదు మామ్మా, కొంచెం మంటగా ఉందంతే" అని అది నన్నే ఓదార్చినది. సీసా మీది నంబరునకు ఫోను చేయగా ఒక తీయని గొంతు, మందు పనిచేయుచున్నదనుటకు అదియే గుర్తని, మానవలదని చెప్పినది.

మరల ఆ వైద్యురాలి యొద్దకే పోయితిమి. ఆమె సీసా మూత తీసి వాసన చూచి, వ్యాపించిన బొబ్బలను చూచి, ఇది బావంచాలతో చేసిన నూనె వలె నున్నదనెను. బావంచాల గింజలలో సొరాలెన్ అను జాతి ద్రవ్యములు గలవు. అవి చర్మమున నుండగా సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు సోకినచో, ఆ రెండును కలిసి రంగు కణములను మేల్కొలుపును. ఇది కల్ల కాదు. మనవారు తరతరములుగా నెఱిగినదే. ఈజిప్టు దేశపు వైద్యుడు ఎల్ మోఫ్టీ 1948లో ఇట్టి గుణమే గల వేరొక మొక్కతోను ఎండతోను బొల్లికి చేసిన చికిత్సను ప్రకటించెను. నేటి ఆసుపత్రులలో యంత్రకాంతితో చేయునదియు ఈ మార్గమే. కాని అందు కాంతిని నిమిషములతో కొలిచి యిత్తురు. కొలత దాటినచో అదే మందు చర్మమును కాల్చును. పైగా ఆ కాలుట వెంటనే తెలియదు. ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట బయటపడును. కనుకనే ఎండలో నిలిచినపుడు పిల్లకు బాధ తెలియలేదు. బొల్లి గలవారికి చర్మము గాయపడినచోట మచ్చ పెరుగుటయు గలదు. మా పిల్ల గడ్డము క్రింది మచ్చ ఆ తరువాత గవ్వంతది అరచేయంత యైనది.

ఈ నూనె రాచుకొని ఎండలో నిలువకుడు: ఈ ఒక్క వాక్యము చాలియుండెడిది. సూర్యుని గుడిచుట్టు కాపురముండు మావంటివారికి అమ్ముచు ఆ వాక్యమును మాత్రము వారు మింగివేసిరి. "ఇంత చిన్న మాట ఎందుకు చెప్పలేదమ్మా?" అని నేను వైద్యురాలి నడిగితిని. ఆమె కోపగింపలేదు. "చెప్తే మీరు కొనేవారా మామ్మగారూ?" అని మాత్రము తిరిగి అడిగెను. ఆ ప్రశ్న నా మనస్సులో ముల్లువలె నాటుకొన్నది.

దానికి వేరొక సమాధానము 2023 వేసవిలో అమెరికాలో దొరకినది. మా చిన్నవాడు న్యూజెర్సీ రాష్ట్రమున, తెలుగువారు విస్తారముగా నున్న ఎడిసన్‌లో కాపురముండుటచే అక్కడ మూడునెలలుంటిని. సాయంకాలపు వార్తలనడుమ మందుల ప్రకటనలు వచ్చును. వైద్యుని చీటీ లేక అమ్మరాని మందులనే టెలివిజనులో జనులకు చూపుదురు. ధనికదేశములలో ఇట్టి ప్రకటనలకు అనుమతి గలవి అమెరికా, న్యూజిలాండు అను రెండే. మొదటి దినము నేను నిశ్చేష్టురాలనైతిని. ఒక వృద్ధుడు మనుమనితోను కుక్కతోను తోటలో ఆడుకొనుచుండగా, మృదువైన సంగీతముతో కలిపి ఒక గొంతు ఈ మందుచే కాలేయము చెడవచ్చునని, తీవ్రమైన అంటురోగములు కలుగవచ్చునని, ప్రాణాపాయమును గలదని చదువుచున్నది. వృద్ధుడు నవ్వుచునే యున్నాడు. "ఎంత నిజాయితీ గల దేశము! మనవాళ్లు ఒక్కమాట చెప్పలేదు, వీరు చావునుకూడ దాచలేదు" అని కోడలితో అంటిని.

మా కోడలు మందుల దుకాణమున ఫార్మసిస్టుగా పనిచేయుచున్నది. అది నవ్వి, "అత్తయ్యా, అది వాళ్ల నిజాయితీ కాదు, చట్టం చెప్పిస్తున్న మాట. ఇప్పుడు చెప్పండి, ఆ గొంతు ఏయే జబ్బులు చెప్పింది?" అని అడిగినది. నేను తడుముకొంటిని. కాలేయము ఒకటి జ్ఞాపకమున్నది. మిగిలినవి లేవు. కుక్క రంగు మాత్రము చక్కగా జ్ఞాపకమున్నది.

తరువాత అది ఆ చట్టపు కథ చెప్పినది. 1962లో చేసిన శాసనముచే ఆ దేశమున చీటీమందుల ప్రకటనలు ఆహార, ఔషధ పాలకశాఖ చేతిలోనికి వచ్చినవి. మందు గుణమును చెప్పినవారు దాని దోషములను గూడ వివరముగా చెప్పవలెనను నియమముండుటచే, ఒక నిమిషపు ప్రకటనలో నది సాధ్యముగాక, చాలకాలము టెలివిజనులో ఇట్టివి అరుదుగా నుండెను. 1997లో ఆ శాఖ త్రోవ సులభము చేసినది. ముఖ్యమైన అపాయములు మాత్రము చెప్పి, తక్కినవానికి ఫోను నంబరో, పత్రికయో, వైద్యుడో చూపిన చాలునన్నది. అంతట గేట్లెత్తిన కాలువవలె ప్రకటనలు ప్రవహించినవి. 1999లో అనుమతి పొందిన వయాక్స్ అను కీళ్లనొప్పుల మందు ప్రకటనలో, ఒలింపిక్ పందెములలో బంగారు పతకము గెలిచిన డొరొతీ హామిల్ మంచుమీద హాయిగా జారుచు కనబడెను. 2000లో ఒక్క సంవత్సరముననే దాని ప్రకటనలకు పదునారుకోట్ల డాలర్లు వెచ్చించిరి. దీర్ఘకాలము వాడినవారిలో గుండెపోటు, పక్షవాతము ఎక్కువగుచున్నవని తేలుటచే 2004 సెప్టెంబరు 30న దానిని విపణినుండి తీసివేసిరి. కీళ్లనొప్పులకు పాతమందే చాలినవారుకూడ తెరమీది బొమ్మను చూచి, దానినే అడిగి పుచ్చుకొన్నవారు అందులో లేకపోలేదు.

మరియొక సాయంకాలమున నేను చూచిన ప్రకటన నా గుండెను తాకినది. అది బొల్లికి చేసినది. ఓప్జెలూరా అను ఆ లేపనమును 2022 జూలైలో అక్కడివారు బొల్లికి అంగీకరించిరి. అందు మచ్చలు గలవారు మచ్చలను దాచుకొనక నలుగురిలో నుండిరి. ఆ మాత్రము చూపుటకు మన టెలివిజనువారికి మనసు రాలేదు గదా యని దుఃఖపడితిని. అంతలో ఆ గొంతు వచ్చినది: తీవ్రమైన అంటురోగములు, క్యాన్సరు, గుండెపోటు, రక్తము గడ్డకట్టుట, మరణము. నేను భయపడి కోడలి వైపు చూచితిని. ఈ హెచ్చరికలు అదే జాతికి చెందిన మాత్రలు మ్రింగిన కీళ్లవాతరోగుల విషయమున కనుగొన్నవానినుండి ముఖ్యముగా వచ్చినవని, చర్మముపై పూయు మందునకు అవి ఎంతవరకు వర్తించునో రోగిని ఎదుట కూర్చుండబెట్టుకొని వైద్యుడు చెప్పవలెనే గాని, ముప్పది క్షణములలో గొంతొకటి చెప్పజాలదని అది వివరించినది.

అప్పుడు మా వైద్యురాలి ప్రశ్నకు రెండవ సగము తెలిసినది. చెప్పినచో కొనరని భయపడి మనయొద్ద చెప్పలేదు. చెప్పినను కొనునట్లు చెప్పుటయెట్లో అక్కడివారు నేర్చుకొనిరి. మన సీసా మీద హెచ్చరిక లేదు. అక్కడి హెచ్చరికకు కొలత లేదు. ఏది తరచుగా కలుగునో, ఏది లక్షమందిలో ఒకరికి కలుగునో, ఏది కనబడినచో వెంటనే మందు మానవలెనో వేరుపరుపక అన్నియు ఒక్క ఊపిరిలో చదివినచో, విన్నవాడు అన్నిటికిని భయపడును, లేదా దేనికిని భయపడడు. నేను తిరిగివచ్చిన తరువాత, ఆ నవంబరులోనే అక్కడి పాలకశాఖ క్రొత్త నియమము చేసినది. అపాయములను సామాన్యులకు తెలియు మాటలలో చెప్పవలెను. చెప్పుచుండగా అవియే అక్షరములు తెరపై కనబడవలెను. ఆ సమయమున మనస్సును మరల్చు బొమ్మలు గాని సంగీతము గాని ఉండరాదు. ఇరువదియాఱేండ్లకైనను కుక్క సంగతి వారు గ్రహించినందుకు సంతోషించితిని.

ఇక మన దేశమున చట్టము లేదా? ఉన్నది, అక్కడికంటె కఠినమైనదే యున్నది. చీటీమందులను జనులకు ప్రకటించుటయే ఇచట కూడదు. 1954లో పార్లమెంటు ఔషధముల, మంత్రచికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టము చేసినది. నయము చేయుదుమని ప్రకటింపరాని వ్యాధుల పట్టిక దానికి చేర్చియున్నది. అందు మధుమేహము, క్యాన్సరు, కంటిశుక్లము, మూర్ఛ, పక్షవాతము, స్త్రీల వంధ్యత్వము, మనుష్యుని పొడుగు, వానితోపాటు బొల్లియు నున్నవి. ఈ చట్టము వాక్స్వాతంత్ర్యమునకు భంగకరమని వాదించినపుడు, 1959 డిసెంబరులో సుప్రీంకోర్టు అందలి కొన్ని భాగములను కొట్టివేసినను, ఇట్టి మందుల వ్యాపారప్రకటన రాజ్యాంగము కాపాడు వాక్స్వాతంత్ర్యములోనికి రాదని తీర్పు చెప్పినది. 1994 కేబుల్ టెలివిజను నియమములును అద్భుతశక్తి గలదని తోపించు ప్రకటనలను నిషేధించినవి. 2018లో ఆయుర్వేద ఔషధముల ప్రకటనలకు ముందుగా అనుమతి పొందవలెనను నియమమొకటి చేర్చిరి. 2024 జూలైలో దానిని తీసివేసిరి. ఆ యేడాదియే పతంజలి సంస్థ ప్రకటనల వ్యాజ్యమున సుప్రీంకోర్టు మందలింపగా, ఆ సంస్థ ఏప్రిల్‌లో పత్రికాముఖమున క్షమాపణ చెప్పుకొన్నది. ఇన్ని యుండియు మా యింటిలో ఆ అరగంట కార్యక్రమము ప్రతిదినము నడచినది. చట్టము పుస్తకమున నున్నది, ప్రకటన తెరమీద నున్నది. ఫిర్యాదు చేయవలసినవారము సిగ్గుపడి ఇంటిలో నుంటిమి.

ఆ సిగ్గే ఈ వ్యాపారమునకు మూలధనము. 1954 నాటి ఆ పట్టికను మరల చదువుడు. అందు పెక్కు, మనము పొరుగువారికి చెప్పుకొనలేని జబ్బులే. చెప్పుకొనలేని జబ్బునకు చాటుగా మందు కొందుము; చాటుగా కొన్న మందు వికటించినచో చాటుగానే ఏడ్చెదము. మోసగానికి ఇంతకంటె క్షేమమైన బేరము వేరొకటి లేదు. బొల్లి ఒకరినుండి మరొకరికి అంటదు, నొప్పి పెట్టదు, ప్రాణము తీయదు. దానిని వ్యాధులలో కెల్ల ఘోరమైనదానిగా చేసినవి పెండ్లిచూపులు. ఆ నూనెవాడు నాకు నూనె నమ్మలేదు. నా భయమునే నాకు మరల అమ్మినాడు.

మందుల ప్రకటన మనకు నిన్నటి వస్తువు కాదని కూడ ఒప్పుకొనవలెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించి, దాని ప్రకటనలు ఊరూర చేర్చి, ఆ ధనముతోనే 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని నడపిరి. 1928లో గృహలక్ష్మిని స్థాపించిన డాక్టరు కె. ఎన్. కేసరిగారు స్త్రీలకొఱకు లోధ్ర అను ఔషధము తయారుచేసినవారు. మన సంస్కారవ్యాసములు అచ్చుపడిన కాగితము చాలవరకు మందులసొమ్ముతో కొన్నదే. కనుక ప్రకటన యన్నంత మాత్రమున పాపమని నేననను. కాని ఆ పత్రికలలో వ్యాసము వ్యాసముగను ప్రకటన ప్రకటనగను వేర్వేరు పుటలలో నుండెడివి. ఏది సలహాయో, ఏది బేరమో చదువరికి తెలిసెడిది. టెలివిజనులో బేరమే వైద్యుని కోటు తొడుగుకొని, రోగి కన్నీరు పెట్టుకొని, వార్తలవాని గొంతు తెచ్చుకొని ఇంటి నడిమిగదిలోనికి వచ్చుచున్నది. పాత పత్రికను చదివి మడిచి ప్రక్కన పెట్టవచ్చును. ఇది మనము అన్నము తినుచుండగా మాటలాడును.

నాకు తోచినది ఇంతే. హెచ్చరిక అమ్మువాని నోట వచ్చినంతకాలము, వాడు దానిని దాచుటయో, తీయగా పాడుటయో చేయుచునే యుండును. మనము ఆ మందు వద్దనినను తనకేమియు నష్టము లేనివాడు చెప్పినదే హెచ్చరిక. అట్టివారు ఊరిలో లేకపోలేదు: ప్రభుత్వాసుపత్రి వైద్యుడున్నాడు, చదువుకొన్న ఫార్మసిస్టున్నాడు. 2010నుండి మన దేశమున మందుల దుష్ఫలితములను సేకరించు ప్రభుత్వ కార్యక్రమమొకటి నడచుచున్నది. 1800-180-3024 అను నంబరునకు రోగులుకూడ ఉచితముగా ఫోను చేసి చెప్పుకొనవచ్చును. మా పిల్ల బొబ్బల సంగతి ఆ దినముననే నేనట్లు చెప్పియుండిన, వేరొక పిల్లకు మేలు కలిగెడిదేమో! అప్పుడు సీసావాని నంబరు తప్ప వేరొక నంబరు నాకు తెలియదు.

ఇప్పుడు మా యింట ఒక అలవాటు చేసికొంటిమి. ఏ మందు వచ్చినను, అది దేనికి, ఎన్నాళ్లు, దేనితో కలుపరాదు, ఏమి కనబడినచో మానవలెను అని ఇచ్చినవారినే అడిగి, తెలుగులో చిన్న చీటీ వ్రాసి సీసాకు అతికించెదను. పెట్టెలమీది సన్నని ఇంగ్లీషు అక్షరములు ఇంటిలో సగముమందికి పనికిరావు. ఇరుగుపొరుగువారును తమ మాత్రలు తెచ్చుచున్నారు. నాకు తెలియని దానిని వ్రాయను. డాక్టరు నడిగి రమ్మని పంపెదను. అడుగుటకు మొదట జంకినవారు, ఒకమారు అడిగినపిమ్మట జంకుట లేదు.

మా మనుమరాలికి చికిత్సచే ముంజేతిమీది మచ్చకు చాలవరకు రంగు వచ్చినది. గడ్డము క్రిందిది అట్లే యున్నది. అది దానిని దాచుకొనదు. పోయినయేడు ఒక సంబంధము వచ్చినపుడు, ఫోటో ఏ వైపునుండి తీయించవలెనని నేనాలోచించుచుండగా, అది ప్రక్కన కూర్చుండి, "మామ్మా, మచ్చ సంగతి ముందే చెప్పెయ్యండి. దాచిపెట్టి అమ్మడం ఆ నూనెవాళ్ల పని, మనది కాదు" అన్నది. నేను సిగ్గుపడితిని. వచ్చినవారికి మొదటి మాటగా ఆ సంగతియే చెప్పితిని.